రత్నం అత్తయ్యగారు, రెండో ప్రాసెసర్

మచిలీపట్నంలో పొద్దున్నే మా ఆఫీసు తలుపు తీయగానే, రాత్రంతా నడిచిన సర్వర్ల దగ్గర నుంచి వేడెక్కిన దుమ్ము వాసన వస్తుంది. ఆ వాసన తగిలితే నాకు రత్నం అత్తయ్యగారు గుర్తుకొస్తారు. ఆమె నాకు చుట్టం కారు. గుడివాడలో వెబ్‌సైట్లు నడిపే చిన్న ఆఫీసు ఆమెది. అక్కడ పనిచేసే అందరికీ ఆమె అత్తయ్యగారే. చిన్నప్పుడు జబ్బు వల్ల బడికి వెళ్ళలేక అమ్మ దగ్గరే చదువుకుని, కంప్యూటరు కూడా ఇంట్లోనే నేర్చుకున్న నన్ను ఆమె ఏ సర్టిఫికెట్టూ అడగకుండా పనిలోకి తీసుకున్నారు. "కొన్నాళ్ళు చూద్దాం అమ్మాయ్, నీకు మేము నచ్చుతామో లేదో," అన్నారు. పరీక్ష నాదని ఇద్దరికీ తెలుసు. దాన్ని అలా తిప్పి అన్నందుకు ఇప్పటికీ దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను.

ముదినేపల్లి ప్రసాద్ గారి రొయ్యల ధరల సైటు మా దగ్గరే ఉండేది. ఉదయం ధరలు పెట్టగానే కృత్తివెన్ను నుంచి దివిసీమ దాకా రైతులందరూ ఒకేసారి తెరిచేవారు, పేజీ బిగుసుకుపోయేది. ఒకరోజు ఆయనే వచ్చి, "చెరువులో గాలి చాలక రొయ్య పైకి తేలితే ఇంకో ఏరేటర్ దింపుతాం. దీనికీ అంతేగా అండీ? ఈసారి ఆగిందంటే నేను విజయవాడ వాళ్ళకి ఇచ్చేసుకుంటా," అన్నారు. "రెండో ప్రాసెసర్ వేద్దామండి, పరిగెడుతుంది," అని అత్తయ్యగారు మాటిచ్చారు. సర్వర్ బోర్డు మీద రెండోదానికి చోటు ఖాళీగానే ఉంది. తెప్పించి పెట్టించి, కొలిచే పని నాకు అప్పగించారు.

ఆఫీసులోని కంప్యూటర్లన్నిటితో ఒకేసారి ఆ పేజీ అడిగించాను. వేగం దాదాపు మారలేదు. పేజీలో చూపించే పాత ధరలన్నీ ప్రతి రైతు కోసమూ డిస్కు మీద నుంచి మళ్ళీ మళ్ళీ చదవాల్సి వస్తోంది. అందరూ అక్కడే వరుసలో ఆగుతున్నారు. పనిలో ఇంకా కుదురుకోని దాన్ని, ఆమె మాట తప్పని ఎలా చెప్పను? చిన్న ప్రార్థన చేసుకుని లోపలికి వెళ్ళాను.

"అత్తయ్యగారూ, రెండు ప్రాసెసర్లూ ఖాళీగా కూర్చున్నాయండి. డిస్కు దగ్గర ఆగిపోతోంది."

ఆమె చాలాసేపు స్క్రీన్ చూశారు. "నా మాట పోయిందన్నమాట," అని ఫోన్ తీసి నా ఎదుటే ప్రసాద్ గారికి చేసి, స్పీకర్‌లో పెట్టారు.

"నేను చెప్పింది తప్పండీ. మా అమ్మాయి కొలిచి చూసింది."

"అయితే ఆ రెండోదాన్ని ఊరగాయ పెట్టుకోమంటారా?"

"ఆవపిండి మీరు పంపండి. పేజీ సంగతి రేపు ఉదయం చూడండి."

"అవున్లెండి," అన్నారు ప్రసాద్ గారు, "ఓల్టేజీ లేనప్పుడు ఎన్ని ఏరేటర్లు దింపితే ఏం లాభం."

ధరలు పెట్టినప్పుడే పేజీ ఒక్కసారి తయారై మెమరీలో ఉండేలా మార్చాం. మర్నాడు అడగ్గానే తెరుచుకుంది. ఆ ఉత్సాహంలో, "రెండో ప్రాసెసర్ దండగేనండి, తీసేద్దామా?" అన్నాను.

"ఎవరు చెప్పారు?"

"నిన్న కొలిచాం కదండీ."

"నిన్న డిస్కు అడ్డం ఉంది. ఇవాళ లేదు. మళ్ళీ కొలువు."

లోపల కాస్త విసుక్కుంటూనే, ఈసారి ఎక్కువ రద్దీతో కొలిచాను. ఒక్క ప్రాసెసర్‌తో సర్వర్ ఆయాసపడింది. రెండూ ఉంటే తేలిగ్గా తట్టుకుంది. తల దించుకుని చెప్పాను. ఆమె నవ్వారు. "నిన్న నాది తప్పు, ఇవాళ నీది. పద, టీ తాగుదాం." కొన్నాళ్ళు చూద్దాం అన్న మాట ఆ తరువాత ఎవరూ ఎత్తలేదు.

అత్తయ్యగారు ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయారు. ఇప్పుడు మచిలీపట్నంలో సైట్ల వాళ్ళు నన్ను అడుగుతారు, రెండో ప్రాసెసర్ వేస్తే సైటు వేగం పెరుగుతుందా అని. నేను ఏది చెప్పినా నమ్మేవాళ్ళే. అందుకే భయం. మొన్న మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి గొంతు బాగా తగ్గించి, "మేడమ్, కొలిస్తే మీరు అన్నట్టు రాలేదండి," అంది. కుర్చీ జరిపి పక్కన కూర్చోమన్నాను. "ఏదీ, చూపించు," అన్నాను.