కొనఖ్తఖ్ పిల్ల

ఎడిసన్‌లో నా చిన్నప్పుడు మా వీధి మొత్తానికి తెలుగువాళ్లం మేమే. అమ్మా నాన్నా ఇద్దరూ డాక్టర్లు. వాళ్లు హాస్పిటల్ నుంచి వచ్చేదాకా నన్ను పక్కింటి ఐరిష్ మామ్మ చూసుకునేది. తన భాషలో మాటలు నేర్పేది. వాళ్ల దేశంలో పడమటి సీమ మనిషిని కొనఖ్తఖ్ అంటారట, ఉత్తరాది మనిషిని ఉల్తఖ్ అంటారట. నాకదంతా ఆటలా ఉండేది.

ఆకులు రాలే రోజుల్లో ఎవరో మా కిటికీ మీదికి రాయి విసిరారు. అప్పటినుంచి అమ్మ, "మామ్మ ఇంట్లో ఉన్నా డోర్ లాక్ చేసుకో, ఎవరు పిలిచినా తీయకు" అని రోజూ చెప్పి వెళ్లేది.

ఒక సాయంత్రం నేను మామ్మ వాకిట్లో ఆకులు పోగుచేస్తుంటే ఒక కారు మెల్లగా వచ్చి ఆగింది. లోపల ఇద్దరు మగవాళ్లు. ఇంజన్ ఆపలేదు. ఒకడు అద్దం దించి, నవ్వుతూ, "పాపా, మీవాళ్లది ఏ దేశం?" అన్నాడు.

పెద్దవాళ్లు అడిగితే చక్కగా జవాబు చెప్పాలని నాన్న నేర్పారు. నేను నోరు తెరిచేలోగా మామ్మ మెట్లు దిగి వచ్చి నా భుజం పట్టుకుంది.

"కొనఖ్తఖ్. మా సీమ పిల్ల. ఇంకేమైనా కావాలా?"

వాడికి ఆ మాట అర్థం కాలేదు. నవ్వు చెరగకుండానే మా ఇంటివైపు ఒకసారి చూశాడు. కారు వీధి చివరిదాకా వెళ్లి అక్కడ చాలాసేపు నిలబడింది.

లోపలికెళ్లి గడియ పెట్టాక మామ్మ చెప్పింది. ఈ దేశానికి వచ్చిన కొత్తలో వాళ్లన్న రేవులో పనికి వెళితే, సొంత దేశంవాళ్లే నవ్వుతూ నీదే సీమ అని అడిగారట. తాను కొనఖ్తఖ్‌నని గర్వంగా చెప్పాడట. అడిగినవాళ్లు ఇంకో సీమవాళ్లు. వాళ్లు కొట్టి పడేస్తే, అతన్ని ఎవరో ఇంటికి మోసుకొచ్చారట. కుడిచెయ్యి మళ్లీ లేవలేదు.

"మాటలో తప్పులేదు తల్లీ. అడిగేవాడి కళ్లు చూశాకే జవాబు చెప్పు."

ఆ కారు తర్వాత కూడా మా వీధిలో తిరిగింది. ఆ చలికాలమంతా మేం కిటికీ పరదాలు తీయలేదు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఎడిసన్ నిండా మనవాళ్లే. చదువుకోవడానికి కొత్తగా వచ్చిన పిల్లల్ని పార్టీల్లో ఎవరో ఒకరు, "మీదే డిస్ట్రిక్ట్ బాబూ? అంటే మీరూ..." అని ఆరాతీస్తూనే ఉంటారు. నేనైతే ఊరడగను, తిన్నారా అని అడుగుతాను. నన్నెవరైనా నవ్వుతూ అడిగితే మాత్రం, ఇన్నేళ్ల తర్వాత కూడా, జవాబు చెప్పేముందు ఆ గదిలో తలుపు ఎటుందో చూసుకుంటాను.