రేనో గంట

లెంపీ కాంగస్‌కు డెబ్భై నాలుగేళ్ళు. పెద్ద సరస్సు ఒడ్డున ఆ పాత రాగిగనుల ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు బడిపిల్లలకు వండిపెట్టింది. మంచుమీద ఆడే ఆడపిల్లల హాకీ చూడ్డానికి వెళ్దామని మొగుడు రేనో మొదటిసారి అడిగినప్పుడు, "ఇంట్లో చలి చాల్లేదా?" అని కసిరింది. అలా కసిరిన మనిషే ఆ తరవాత ఇరవై రెండేళ్ళలో కాలేజీ జట్టు ఊళ్ళో ఆడిన ఆట ఒక్కటీ వదల్లేదు.

వాళ్ళ సీట్లు మూలన, ఏడో వరుసలో. లెంపీ నెత్తిమీద వెచ్చటి గాలి ఊదే యంత్రం ఉండేది. "నువ్విక్కడ కూర్చో, నీ మోకాళ్ళకి మంచిది" అని మొదటిరోజే ఆ సీటు ఆమెకిచ్చి, పక్కన చలిలో తను కూర్చున్నాడు రేనో. చేతిలో వాళ్ళ నాన్న ఆవు మెడలోని ఇత్తడి గంట. మనవాళ్ళు గోలు కొడితే ఆ గంట మోగాలి.

మోగడంలో గొప్పేమీ లేదు. తప్పుగా మోగకపోవడంలో ఉంది గొప్ప. బంతికి బదులుగా ఆడే పక్ అనే రబ్బరు బిళ్ళ బయటినుంచి గోలు పక్కవలకు తగిలినా వల ఉబ్బుతుంది, మూలన కూర్చున్నవాళ్ళకు అచ్చం గోలులాగే కనిపిస్తుంది. ఆ మూలలో లేచి గంతులేసి, నాలిక్కరుచుకుని కూర్చోనివాళ్ళు లేరు. రేనో ఒక్కడే ఎన్నడూ మోసపోలేదు.

"నీకెలా తెలుస్తుందయ్యా?" అని లెంపీ అడిగేది.

"కళ్ళుండాలే" అనేవాడు మీసం దువ్వుకుంటూ. ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

ఆటగత్తెలకూ ఆ గంటంటే గురి. సరస్సు అవతల థండర్ బే నుంచి వచ్చి చదువుకుంటున్న బ్రిన్, పదిహేడో నంబరు పిల్ల, జట్టుకు కెప్టెన్. ఈ ఏటితో చదువైపోతుంది. నాలుగేళ్ళుగా ఆదివారాలు లెంపీ ఇంట్లోనే భోజనం. "తాతయ్యా, గోలు ముందు తోపులాటలో నాకు పక్ కనపడి చావదు. నీ గంట వింటేగానీ గోలయిందని తెలీదు" అని ఒకసారి చెప్పింది. రేనో ఆ మాట వారంరోజులు ఊరంతా చెప్పుకున్నాడు.

జనవరిలో వాకిట్లో మంచు ఎత్తిపోస్తూ, పార చేతిలో ఉండగానే పోయాడు.

ఆ మార్చి ఆదివారం మధ్యాహ్నం ప్లేఆఫ్ మూడో ఆట. చెరొకటి గెలిచారు, ఇవాళ ఓడినవాళ్ళు ఇంటికే. రేనో సీటుకు సీజను చివరిదాకా టిక్కెట్టుంది. లెంపీ ప్రతి ఆటకూ వచ్చి దానిమీద అతని దుప్పటి పరుస్తోంది. ఆటలున్నన్నాళ్ళూ అతనికి ఈ లోకంలో కూర్చునే చోటుంది. ఆటలయిపోతే అదీ ఉండదు. అందుకే గెలవాలి. కప్పుల సంగతి ఆమెకు అక్కర్లేదు, ఇంకొక్క ఆట కావాలి, అంతే.

"లెంపీ, ఆ దుప్పటి టిక్కెట్టు కొన్నదా?" అన్నాడు వెనకనుంచి ఆర్ట్ బోడ్రీ, ఉత్తరాలు పంచి రిటైరయినవాడు. "నా ముందువాడి తల గుమ్మడికాయంత ఉంది. పోనీ నువ్వన్నా అటు జరుగు, నేను నీ సీట్లో కూర్చుంటా."

"కొన్నది. సీజనంతటికీ. నువ్వు నోరుమూసుకుని ఆట చూడు."

"అబ్బో, మీ ఆయనే నయం. గంట కొట్టినప్పుడే చప్పుడు చేసేవాడు."

లెంపీకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. గంట నాలుకను వేళ్ళతో పట్టుకుని కూర్చుంది.

చెరో రెండు గోలులతో సరిసమానమై, ఆట అదనపు సమయంలోకి వెళ్ళింది. ఇక ఎవరు ముందు కొడితే వాళ్ళదే. అయిదో నిమిషంలో మన ఆకుపచ్చ చొక్కాలవాళ్ళు ఎర్రచొక్కాల గోలు మీద పడ్డారు. కర్రలు, మోకాళ్ళు, మధ్యలో బ్రిన్. పక్ ఎటోనుంచి దూసుకొచ్చింది. వల ఉబ్బింది.

లెంపీ గంట కొట్టింది. రెండు చేతులతో, ప్రాణం పెట్టి కొట్టింది.

బ్రిన్ అందరికంటే ముందు కర్ర పైకెత్తింది.

గోలయితే వెలిగే ఎర్రదీపం వెలగలేదు. రిఫరీ చెయ్యి కదల్లేదు. జనం నోళ్ళు సగంలో ఆగిపోయాయి, ఆ నిశ్శబ్దంలో గంట ఒక్కటే ఇంకా మోగుతోంది. ఈలోగా ఎర్రచొక్కాల పిల్ల పక్ అందుకుని అటు పరుగెత్తింది. బ్రిన్ వెనుదిరిగేసరికి ఆలస్యమైపోయింది. అవతల మన గోలు వెనక దీపం వెలిగింది.

ఆర్ట్ నోరుమూసుకోవడం లెంపీ అదే మొదటిసారి చూడటం. ఏదైనా అని ఉంటే బాగుండేదనిపించింది.

ఆట తరవాత నడవాలో పిల్లలకోసం ఇళ్ళవాళ్ళు నిలబడ్డారు. లెంపీ చేతిలో పాస్టీల డబ్బా, మాంసం, బంగాళాదుంప కూరి పొద్దున కాల్చినవి. బ్రిన్ తడిజుట్టుతో, ఉబ్బిన కళ్ళతో బయటికొచ్చింది.

"గంట కొట్టింది నేనే తల్లీ" అంది లెంపీ. "కళ్ళు మోసం చేశాయి. నీ ఆఖరి ఆట నేనే పాడుచేశాను."

"ఏ గంట?" అంది బ్రిన్. "నాకేం వినపడలేదు అమ్మమ్మా. నేనే వెనకబడ్డా. పాస్టీలు తెచ్చావా? ఆకలి దంచేస్తోంది."

అక్కడే నిలబడి ఒకటి తినేసింది. నాలుగేళ్ళలో ఆ పిల్ల తనతో ఆడిన మొదటి అబద్ధం. నమ్మినట్టు తలూపడం తప్ప లెంపీ ఇంకేం చేయగలదు?

దుప్పటి మర్చిపోయానని గుర్తొచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళింది. జనం లేరు. మంచును నున్నచేసే బండి నెమ్మదిగా తిరుగుతోంది. కాళ్ళు పీకుతుంటే, దుప్పటి తీసి, ఇరవై రెండేళ్ళలో మొదటిసారి రేనో సీట్లో కూర్చుంది.

కూర్చుని ఎదురుగా చూసింది. తన సీట్లోంచి చూస్తే మంచు చుట్టూ కట్టిన అద్దాల మధ్య ఇనపకమ్మీ ఒకటి సరిగ్గా గోలుకు అడ్డం వచ్చేది. అన్ని సీట్లకూ అంతేననుకుంది ఇన్నాళ్ళూ. ఇక్కణ్ణుంచి కమ్మీ లేదు. గోలు నోరూ, ఎర్రగీతా, పక్కవలా, అన్నీ అరచేతిలో పెట్టుకుని చూసినట్టు కనిపిస్తున్నాయి. ఇక్కడ కూర్చుంటే చిన్నపిల్ల కూడా మోసపోదు.

"దొంగ సచ్చినోడా" అంది పైకే. "వెచ్చటి సీటు నాకిచ్చావని ఇన్నేళ్ళూ మురిసిపోయానయ్యా. కళ్ళుండాలట, కళ్ళు!"

నవ్వింది. అతను ఉండి ఉంటే ఇంటిదాకా, రాత్రి భోజనందాకా, వచ్చే సీజనుదాకా దెప్పిపొడిచేది. ఇవాళ మధ్యాహ్నమంతా ఈ సీటు ఖాళీగా పక్కనే ఉంది. ఎవర్నీ కూర్చోనివ్వలేదు, తనూ కూర్చోలేదు.

దుప్పటి మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. బండి నడిపేవాడు మూలకొచ్చినప్పుడు చూసి, దీపాలు ఆర్పకుండా ఇంకో చుట్టు తిరిగాడు.