తెరిచివున్న ఒక్క తెర

కోర్టు భవనపు నేలమాళిగలో, ఏసీ హోరు మధ్య, కోర్టు కంప్యూటర్లన్నిటినీ నడిపే యూనిక్స్ సర్వర్లను కనిపెట్టుకుని ఉండే ఆమెను అందరూ సర్వరమ్మ అంటారు. "సర్వరమ్మా, రెండు టీలు!" అని గుమాస్తాలు ఆటపట్టిస్తే, "ముందు బల్ల తుడుచుకోండి నాయనా" అని ఆమె బదులిచ్చేది.

ఆ యంత్రాలను ఆపడానికి ఒక పద్ధతి ఉంది. స్విచ్చి నొక్కితే చాలదు. లోపల ఎవరెవరు పనిచేస్తున్నారో చూడాలి. పని భద్రం చేసుకొమ్మని వారి తెరలన్నిటి మీదికీ కబురు పంపాలి. వారు బయటికి వచ్చాక డేటాబేసును, ఆ తరువాతే యంత్రాన్ని ఆపాలి. "ఇంట్లో మనుషులుండగా బయట తాళం వేస్తామా?" అని ఆమె కొత్తవారికి చెప్పేది.

ఆ మధ్యాహ్నం, పాడైన డిస్కు మార్చడానికి వచ్చిన మెకానిక్ గుమ్మంలో నిలబడి తొందరపెట్టాడు.

"మేడమ్, ఇంకో ఆఫీసుకి పోవాలి. ఆపుతారా, రేపు రమ్మంటారా?"

లోపల ఒక్క పేరు మిగిలి ఉంది: పై అంతస్తు కోర్టు హాలు టైపిస్టుది. తెర మూయకుండా భోజనానికి పోవడం ఆ పిల్లకు అలవాటే. సర్వరమ్మ ఆ పేరు చూసింది. చూసి కూడా, కబురు పంపకుండా ఆపేసింది.

టైపిస్టు భోజనానికి వెళ్లలేదు. ఒక ముసలి సాక్షి ఆయాసంతో ఆగి ఆగి చెబుతున్న వాంగ్మూలాన్ని టైపు చేస్తోంది. పొద్దుటినుంచి చెప్పినదంతా పోయింది. "సేవ్ చేయడం కూడా రానిదానికి ఉద్యోగమెందుకు? రేపటినుంచి రాకు" అని అధికారి అందరి ముందూ విరుచుకుపడ్డాడు. గోల విని పైకి వచ్చి అక్కడే ఉన్న సర్వరమ్మ నోరు విప్పలేదు.

ఆ రాత్రి ఇంట్లో, జరిగింది భర్తకు చెప్పింది.

"మిషనన్నాక ఆగుతుందే. గాలికి పోయే కంపని ఒంటికి తగిలించుకుంటావా? నువ్వు చెబితే తప్ప ఎవడికి తెలుస్తుంది?"

"ఎవరికీ తెలీదు. అదే కదండీ నా బాధ."

మర్నాడు జీతం లెక్క తేల్చుకోవడానికి వచ్చిన టైపిస్టు ఎదుటే ఆమె అధికారితో అన్నది:

"ఆ పిల్ల తప్పు లేదండీ. చెప్పకుండా ఆపింది నేను."

"పొరపాట్లు జరుగుతుంటాయి. మీరు సీనియర్, వదిలేయండి."

"పొరపాటైతే నేను చూడకపోయి ఉండాలి. చూశానండీ."

తెలియక చేసినదాన్నీ తెలిసి చేసినదాన్నీ చట్టం వేరుగా చూస్తుంది. ఆ తేడాను దాటవేసే వెసులుబాటును ఆయనే చేతికందించినా ఆమె తీసుకోలేదు. అధికారి ముఖం ముడుచుకుని, టైపిస్టును పనిలోకి పొమ్మన్నాడు. సర్వరమ్మను సంజాయిషీ అడిగాడు.

వరండాలో టైపిస్టు ఆగింది. "నిన్న నన్ను తిడుతుంటే మీరు అక్కడే ఉన్నారు కదా పిన్నీ?"

"ఉన్నానమ్మా."

"అయితే వాంగ్మూలం మళ్లీ చెప్పాలని ఆ తాతగారికి మీరే చెప్పండి. నా వల్ల కాదు."

ముసలాయన హాలు బయట బెంచీ మీద ఉన్నాడు. సర్వరమ్మ పక్కన కూర్చుని, జరిగినదంతా చెప్పింది.

"మళ్లీ మొదటినుంచా?" అన్నాడాయన. "మావాడు లారీ కింద పడ్డకాడినుంచీనా?"

ఆమె తల ఊపగలిగింది గానీ ఎత్తలేకపోయింది. ముసలాయన కర్ర అందుకుని హాలులోకి పోవడానికి లేచాడు. చెయ్యి పట్టుకోబోతే వద్దన్నాడు.