బావ లాప్‌టాప్‌కు పట్టిన నీలం

తొంభైల చివర్లో సిద్దిపేటలో డిగ్రీ మీద ఆరునెలల కంప్యూటర్ కోర్సు కూడా చేశాను కాబట్టి, మా వీధివాళ్లు నన్ను ఇంజినీరు కింద లెక్కేసేవారు. నేనూ పెద్దగా అభ్యంతరం చెప్పలేదు.

సెలవు మీద దుబాయి నుంచి వచ్చిన బావ, తన ఆఫీసువాళ్ల పాత లాప్‌టాప్ నా ముందు పెట్టాడు.

"బామ్మర్దీ, నిన్నటిదాక మంచిగనే ఉండె. ఇయ్యాల తెరిస్తే అంత నీలంగ కొడ్తుంది. ఎల్లుండి పోయి సేటుకు అప్పజెప్పాలె."

"ముసలిదైంది బావా, లోపలి లైటు పోయినట్టుంది," అన్నాను, అలాంటివి పది చూసినవాడిలా. లాప్‌టాప్ ఆపేసి, తెర చుట్టూ స్క్రూలు విప్పి అంచు లేపాను. స్క్రీను మీది పొర మొత్తం ఊడి నా చేతిలోకి వచ్చింది.

బావ తల పట్టుకున్నాడు. తిట్టే పని అక్క అందుకుంది. "కొంప ముంచినవ్ గదరా! ఆయన నౌకరి పోతది!"

నా ఇంజినీరింగ్ అంతా చెమటై కారింది.

కుట్టుమిషన్ ముందు నుంచి బాపు తలెత్తాడు. "ఏంది లొల్లి? గది మన టీవీ ముంగట పెట్టే నీలం ప్లాస్టిక్ కాయిదం. అల్లునికి కండ్లు గుంజుతున్నయంటే పొద్దుగాల నేనే కోసి పెట్టిన."

నలభై ఏళ్ల దర్జీ చెయ్యి. అంచు ఎక్కడా కనబడకుండా కోశాడు. బావ స్విచ్ వేస్తే స్క్రీను తెల్లగా వెలిగింది.

ఇప్పటికీ ఎవరైనా స్క్రీను రంగు మారిందని వస్తే, స్క్రూడ్రైవర్ తీసేముందు ఒకటే అడుగుతాను: ఇంట్లో దర్జీలు ఉన్నారా?