మైకులో చెప్పిన మాట

మా పెద్దనాన్నకు మైకంటే ప్రాణం. బేతంచెర్లలో బండలకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పగలంతా మిషన్ల రొదలో నిలబడే మనిషి. అక్కడ గొంతు చించుకున్నా పక్కవాడికి వినపడదు. ఆ కసి అంతా ఆదివారం తీర్చుకునేవాడు. చర్చిలో అయ్యగారు "సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరన్నా ఉండారా?" అని అడగడం ఆలస్యం, ఈయన లేచి పంచె సర్దుకుని మైకు అందుకునేవాడు. దేవుడు తమకు చేసిన మేలును నలుగురి ముందు నిలబడి చెప్పడాన్ని మా వాళ్ళు సాక్ష్యం అంటారు. పెద్దనాన్నకు మేక తప్పిపోయి దొరికినా సాక్ష్యమే, పరుగెత్తి బస్సెక్కినా సాక్ష్యమే. ఒకసారి మా వీధి బోరింగు బాగుపడిందని పావుగంట సాక్ష్యం చెప్పాడు. దాన్ని బాగుచేసిన మెకానిక్ వెనక వరసలో కూర్చుని, తన పేరు వస్తుందేమోనని చివరిదాకా కాచుకున్నాడు. రాలేదు.

ఆయనకు ఒకే కూతురు. నాకంటే రెండేళ్ళు పెద్దది, మా ఇంటికి రెండిళ్ళ అవతలే ఉండేది. నేను అక్కా అనేదాన్ని, కోపమొస్తే పేరు పెట్టి తిట్టేదాన్ని. దానికి పదకొండో ఏట షుగర్ వచ్చింది. మాత్రలకు లొంగే షుగర్ కాదు, పొద్దున ఒక సూది, సాయంత్రం ఒక సూది పడకపోతే ప్రాణం నిలవని షుగర్. ఆ మాట కర్నూలు డాక్టరు చెప్పిన రోజున పెద్దనాన్న అక్కను భుజాన వేసుకుని ఆసుపత్రి మెట్లు దిగాడు. నడవగలిగిన పిల్లను ఎందుకు మోశాడో ఆయనకే తెలియదు. సూది వేయడం నేర్చుకోవాలని పెద్దమ్మ కూరకు తెచ్చిన వంకాయలన్నింటికీ నీళ్ళు ఎక్కించాడు. ఆ రోజు మా ఇంటికి పంపిన పులుసు అంత పలచగా ఎందుకుందో మా నాన్నకు ఎవరూ చెప్పలేదు.

వాళ్ళింట్లో ఫ్రిజ్జు లేదు. తడి ఇసుక పోసిన కుండలో చిన్న డబ్బా, అందులో ఇన్సులిన్ సీసా. అక్క దానికి మొగుడని పేరు పెట్టింది. "ఉండు మే, మా ఆయన్ను చూసొస్తా. పొద్దున, సాయంత్రం పలకరించకపోతే అలుగుతాడు" అనేది. పెద్దమ్మ చీపురు తీసుకుని తరిమేది. పద్నాలుగేళ్ళ పిల్ల నోట అవేం మాటలని.

దాని జబ్బుతో మేము పడిన బాధ కంటే పొందిన లాభమే ఎక్కువని అప్పట్లో నా నమ్మకం. లెక్కల పరీక్ష రోజున "సార్, కళ్ళు తిరుగుతాండాయి" అంటే చాలు, సారు గ్లూకోజు బిస్కెట్లు తెప్పించేవాడు. తోడుగా ఎవరో ఒకరు ఉండాలి కదా, నేను ఉండేదాన్ని. బిస్కెట్లు చెరిసగం. మమ్మల్ని ఏడిపించిన పెద్ద క్లాసు వాళ్ళకు అక్క ఖాళీ సిరంజి చూపించి, "ఇది గుచ్చితే మీకూ వస్తాది" అని బెదిరించింది. ఆ తర్వాత మాకు బస్సులో కిటికీ సీటు ఎప్పుడూ ఖాళీగానే దొరికేది.

అక్కకు పదహారు నిండిన ఏడు చర్చిలో ఉపవాస ప్రార్థన కూటం పెట్టారు. అక్కను ఉపవాసం ఉండొద్దని అయ్యగారే చెప్పారు. వింటే అది అక్క ఎందుకవుతుంది? పొద్దున సూది వేసుకుంది, మధ్యాహ్నం దాకా ఏమీ తినలేదు. కళ్ళు మూతలు పడుతుంటే నేను బెల్లం ముక్క నోట్లో కుక్కాను. పెద్దనాన్న హడలిపోయి మీటరు తీసి వేలు గుచ్చాడు. నూటపది. ఎప్పుడూ రెండొందల యాభైకి తగ్గని పిల్ల. సూది లోపలికి పోయి, అన్నం పోకపోతే అంకె దిగుతుంది, అంతే. మా ఇద్దరికీ తెలుసు. ఆయనకూ తెలిసే ఉండాలి, అయిదేళ్ళు వేశాడు కదా. కానీ ఆయన చూపు అప్పటికే మైకు మీదికి పోయింది.

"నా బిడ్డకు షుగర్ పోయింది! నూటపది! ఇంక నా బిడ్డకు సూది పనే ల్యా!"

చర్చి అంతా చప్పట్లు. పెద్దమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. ఎవరో ఫోన్లో వీడియో తీసి ఊరంతా పంపారు. కూటం అయ్యాక అయ్యగారు పెద్దనాన్నను పక్కకు పిలిచారు. నేను చెప్పులు వెతుక్కుంటున్నట్టు నటిస్తూ అక్కడే ఉన్నాను.

"ఏమప్పా, సూది మాత్రం మానిపించొద్దు. ప్రార్థన ప్రార్థనే, మందు మందే. నేను బీపీ మాత్ర మింగుతాండా గదా?"

"మీరు ఏమన్నా అనుకోండి అయ్యా, మీకు విశ్వాసం రవ్వంత తక్కువ" అన్నాడు పెద్దనాన్న.

అయ్యగారు తెల్లబోయారు. అక్క నవ్వు ఆపుకోలేక నా జడ కొరికింది. ఆ సాయంత్రం పెద్దనాన్న కుండలోంచి సీసా తీసి పెరట్లో పారబోశాడు. అప్పుడు మాత్రం అక్క నవ్వలేదు.

మరునాడు బడికి పోయే దారిలో మేమిద్దరం ప్రభుత్వాసుపత్రిలో నర్సమ్మ దగ్గరికి పోయాం. ఊరంతా సిస్టరమ్మ అనే ఆవిడ. రోజూ పక్క ఊరి నుంచి వచ్చిపోయేది, మా చర్చి కబుర్లు ఆవిడ చెవిన పడలేదు. సీసా పగిలిందని అక్క అబద్ధం చెప్పింది, ఆవిడ ఇంకొకటి ఇచ్చింది. ఇక దాని సంసారం మా ఇంటికి మారింది. మా నాన్న లారీ మీద ఉండేవాడు, అమ్మ తెల్లారకముందే కూలికి పోయేది. మా ఇంటి మూల ఒక కుండ, అందులో ఇసుక, ఇసుకలో మొగుడు. చెల్లికి లెక్కలు చెప్పి వస్తానని అక్క పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చేది. లెక్కల్లో రెండుసార్లు తప్పిన మనిషి నాకు చెప్పడమేమిటని ఒక్కరూ అడగలేదు. ఆ ఏడు నాకు లెక్కల్లో ఇరవై రెండు వచ్చాయి. అక్క మాత్రం ఒళ్ళు చేసి నిగనిగలాడింది.

దాన్ని చూసి ఊరు ఊరంతా నమ్మింది. నమ్మి ఊరుకున్నారా, పరీక్షలు పెట్టారు. క్రిస్మస్‌కు ఇంటింటికీ పాటలు పాడుతూ పోతే ప్రతి ఇంట్లో అక్క చేతిలోనే మొదటి కజ్జికాయ. "తినమ్మా, నీకేం భయం, దేవుడు బాగుచేసినాడు" అంటూ దాని నోటివైపే చూసేవాళ్ళు. ఇది వద్దంటుందా? ఆ పూట తొమ్మిది కజ్జికాయలు లెక్కపెట్టాను. చివరి ఇంటి నుంచి మా ఇంటికి లంగాలు ఎత్తిపట్టి పరుగు. ఎన్ని కజ్జికాయలకు ఎంత మందు ఎక్కువ వేసుకోవాలో అక్క వేళ్ళ మీద లెక్కేసింది. జీవితంలో అది సరిగ్గా చేసిన లెక్క అదొక్కటే.

ఒకసారి నాకు దడ పుట్టి, చెప్పేద్దాం అక్కా అన్నాను.

"చెప్తే మా నాయన అబద్ధాలోడు అయిపోతాడు మే. మైకులో చెప్పినాడు. పెద్దమనిషి మొహం యాడ పెట్టుకుంటాడు? నేను ఏసుకుంటాండా, బాగుండా. ఆయనా బాగుండాడు. నీకేమి నొప్పి?"

నాకేమీ నొప్పి లేదు. ఇద్దరం కలిసి ఊరందరినీ బోల్తా కొట్టిస్తున్నామని నాకు లోపల ఎంత గర్వమో చెప్పలేను.

ఎనిమిది నెలలు గడిచాయి. ఎండలు ముదిరాక ఒంటిమిట్ట అవతల ఒక ఊళ్ళో నాలుగు రోజుల కూటాలకు పెద్దనాన్నను సాక్ష్యం చెప్పమని పిలిచారు. పెద్ద స్టేజీ, పెద్ద మైకు, పక్కన కూతురు నిలబడాలి. పెద్దమ్మ, పెద్దనాన్న, అక్క బస్సెక్కారు. నన్ను తీసుకుపోలేదు. అక్క సీసాను తడి గుడ్డలో చుట్టి టిఫిన్ డబ్బాలో దాచుకుంది. అక్కడ వీళ్ళకు ఇచ్చింది రేకుల షెడ్డు. మా వైపు ఎండలో రేకుల కింద ఒక పగలు గడిస్తే గుడ్డ తడి ఎంతసేపు ఆగుతుంది? మందు చెడిపోయింది. అక్క వేళకు వేసుకుంటూనే ఉంది, అది నీళ్ళతో సమానం.

మూడో రోజు అక్క పెద్దమ్మ ఫోన్ నుంచి నాకు ఫోన్ చేసింది.

"మే, మా ఆయన పని చేస్తలేడు. ఎండకు సొక్కి పడిపోయినాడు."

"అయితే ఇంకొకణ్ణి చూసుకో" అన్నాను. కడుపు పట్టుకుని నవ్వాను. అవతల అది కూడా నవ్వింది, నీళ్ళు తాగుతూ. ఆ నవ్వుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించలేదు.

సోమవారం మధ్యాహ్నం దిగారు. అక్క మనిషి సగమైంది. నాలుకంతా ఎండి, తాగిన నీళ్ళు తాగినట్టే కక్కుతోంది. ఎండ దెబ్బ అన్నాడు పెద్దనాన్న. మీ నాయన చెప్తాండాడు గదా, పడుకో అంది పెద్దమ్మ. ఎవరికీ చెప్పనని అక్క నా చేత ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టును మంగళవారం పొద్దున దాకా మోశాను. దాని ఊపిరి మిషను లాగినట్టు వస్తుంటే ఇక ఆగలేక ఆసుపత్రికి పరుగెత్తాను. సిస్టరమ్మ సంచీ తీసుకుని నా వెంటే వచ్చింది. అప్పటికి వాళ్ళింట్లో చర్చివాళ్ళు పదిమంది దాకా చేరి ప్రార్థన చేస్తున్నారు. ఆవిడ అక్క వేలు గుచ్చింది. మీటరులో అంకె రాలేదు. కొలవలేనంత ఎక్కువ అని చూపించింది.

"ఇప్పుడే కర్నూలు తీసకపోవల్ల. ఒక్క గంట గూడా ఆగే పని ల్యా" అంది సిస్టరమ్మ.

"ఎనిమిది నెల్లు సూది లేకండా బతికిన బిడ్డమ్మా ఇది. ఇది దేవుడు పెట్టే పరీక్ష, శోధన. దాటిపోతాది" అన్నాడు పెద్దనాన్న.

"సూది లేకండానా? నెలనెలా నా చేత్తోనే ఇస్తాండా గదప్పా మందు!"

పెద్దనాన్న అక్కవైపు తిరిగాడు. అక్క కళ్ళు తెరిచింది. పెదవులు అతుక్కుపోయాయి, మాట పెగలడానికి చాలాసేపు పట్టింది.

"ఏసుకోలే నాయనా. తెచ్చి పారబోసినా."

అంత బాధలోనూ దాని ఆలోచన అదే. పదిమంది ముందు వాళ్ళ నాయన అబద్ధాలోడు కాకూడదు. దుప్పటి కింద నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది.

పెద్దనాన్న నావైపు చూశాడు. "నిజమేనామ్మే? ఏసుకోలేదా?"

నేను ఎన్ని అబద్ధాలు ఆడలేదు ఆ ఎనిమిది నెలల్లో! ఆరితేరినదాన్ని. తడుముకోకుండా వచ్చేసింది.

"ఏసుకోలేదు పెద్దనాయనా."

సిస్టరమ్మ నెత్తి కొట్టుకుంది. తనే 108కు ఫోన్ చేసింది. బండి వచ్చింది, పెద్దనాన్న గడపలో అడ్డంగా నిలబడ్డాడు. సాయంత్రం దాకా చూద్దామన్నాడు. పెద్దమ్మ ఆయన వెనక నిలబడి కొంగు నోట్లో పెట్టుకుంది. బండి తిరిగిపోయింది. మూడు గంటలకు అక్క పిలిస్తే పలకడం మానేసింది. అప్పుడు అయ్యగారు వచ్చి, ఆ ముసలాయన, పెద్దనాన్నను పక్కకు తోసి అక్కను తన చేతుల మీద ఆటోలో పడుకోబెట్టారు. కర్నూలు చేరేలోపే పోయింది. దానికి పదహారేళ్ళు.

నేను మా అమ్మకు కూడా చెప్పలేదు. పదేళ్ళు దాటింది. నాకు కడపలో ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, పిల్ల పుట్టింది. పిల్లకు జ్వరం వస్తే చాలు ఆసుపత్రి గుమ్మంలో కూర్చుంటాను, మా ఆయన నాకు పిచ్చి అంటాడు. పోయిన ఎండాకాలం బేతంచెర్ల పోయినప్పుడు పెద్దనాన్న ఒక్కడే అరుగు మీద ఉన్నాడు. దుమ్ము మింగి మింగి ఊపిరితిత్తులు పాడై, నాలుగు మాటలకు ఒకసారి ఆయాసపడుతున్నాడు. పక్కన కూర్చుని చెప్పేశాను. అక్క సూది వేసుకునేది పెద్దనాయనా, ఎనిమిది నెలలూ మా ఇంట్లోనే వేసుకునేది, ఆ రోజు నేను అబద్ధం చెప్పాను అని. కాళ్ళ మీద పడి ఏడుద్దామనుకున్నాను.

ఆయన వీధివైపు చూస్తూనే ఉన్నాడు.

"తెల్సులే పాపా."

నాకు అర్థం కాలేదు.

"మీ ఇంటికి లెక్కలకు అని పోయేది గదా, ఆ మొదటి వారమే తెల్సు. సూది ల్యాకంటే వారం బతకదని నాకు తెలీదా? అయిదేండ్లు ఏసినా. ఏసుకుంటాందిలే, బాగుండాదిలే అని ఊరికే ఉంటి."

"మరి ఆ పొద్దు నన్నెందుకు అడిగితివి?"

ఆయాసం తీరేదాకా ఆగాడు.

"నువ్వన్నా ఏసుకుంటాందని చెప్తావేమో అనుకొంటి. నువ్వు చెప్పింటే, సరే పాండి అని బండి ఎక్కించేవాణ్ణి. నా నోటితో నేను యెట్ల చెప్పేది, అంతమందిలో?"

నేను లేచాను. ఆయన్ను తిట్టలేదు, ఓదార్చలేదు. బస్టాండు దాకా ఎలా నడిచానో గుర్తులేదు. నేను నిజం చెప్పి ఉంటే అక్క బతికేది, అది నిజం. ఆ నిజాన్ని పదేళ్ళు ఒక్కదాన్నే మోశాను. కన్న తండ్రికి అన్నీ తెలుసు, బండి వాకిట్లో ఉంది, అయినా ఆయన పద్నాలుగేళ్ళ పిల్ల నోరు తెరుస్తుందని కాచుకున్నాడు.