తూములకు బిరడాలు

శ్రీశైలం డ్యాం వెనకనీళ్ల మీద మా ఆయన శానా ఏళ్లు రేవు పడవ నడిపాడు. ఆయన పోయాక ఆ పడవను ఇంకొకతను తీసుకున్నాడు. అవతలి ఒడ్డున మిరపకాయలు కోయడానికి కూలికి పోయే ఆడవాళ్లమంతా అందులోనే దాటాలి.

పడవ పలకల మీద పడిన నీళ్లు బయటికి పోవడానికి రెండు పక్కలా కాలి మట్టాన తూములుంటాయి. మనుషులు ఎక్కేకొద్దీ పడవ నీళ్లలోకి దిగి, ఏటి నీళ్లు తూము దాకా వస్తాయి. తూము అంచు తడిసిందంటే మా ఆయన ఇంకెవరినీ ఎక్కనీయకుండా చెయ్యి అడ్డం పెట్టేవాడు. మొగుడు ఎక్కి పెళ్లాం ఒడ్డున మిగిలినా వినేవాడు కాదు. ఎన్ని తిట్లు తిన్నాడో.

ఈ కొత్తాయనకు ఆ తూములే అడ్డమయ్యాయి. నిరుడు కోతల్లో ఒక పొద్దున చూస్తే అన్నింటికీ సైకిలు ట్యూబు చుట్టిన కట్టె బిరడాలు కొట్టి ఉన్నాయి. పడవ నిండా జనం. కడుపుతో ఉన్న నా కోడలు ముందే ఎక్కి మధ్యలో ఇరుక్కుని ఉంది.

"ఎక్కు పెద్దమ్మా, ఏం చూస్తాండావు?" అన్నాడు.

"తూములు యాల మూసినావప్పా?"

"నీళ్లు పైకొస్తాండాయి, మూసినా. పడవాయన పెండ్లానివి, నీకు తెలీదా?"

"బరువెక్కువై వస్తాండాయి. మనుషులను దించల్ల గానీ బొక్క మూస్తే ఏమొస్తాది? నడేట్లో అలలు కొడితే ఆ నీళ్లు యాటికి పోతాయి, నీ నోట్లేకా?"

ఆడవాళ్లు నవ్వారు. నాకు ఇంకా మండింది. ప్రాణం పోయే చోట కూర్చుని నవ్వులేమిటి?

పడవెక్కి, వంగి, దగ్గరున్న బిరడాను రెండు చేతులా పట్టి పీకాను. నీళ్లు బుసబుసమని పలకల మీదికి పొంగాయి. సద్దిమూటలు తడిశాయి. అందరూ కేకలేస్తూ లేచారు.

"మమ్మల్ని ముంచుతావా?" అని ఆయన అరిచాడు.

"ఈడ మునిగితే మోకాలి లోతే."

సగం మంది దిగేసరికి పడవ లేచింది. పైకి పొంగిన నీళ్లు అదే తూములోంచి బయటికి పోయాయి. తిట్టుకుంటూనే రెండు తడవలుగా దాటించాడు.

చేను చేరేసరికి పొద్దెక్కింది. రైతు పనిలోకి రానీయలేదు. దారి పొడుగునా అందరూ నన్నే అన్నారు, నా కోడలితో సహా. బిరడా కొట్టినవాణ్ని ఒక్కరూ ఒక్క మాట అనలేదు.

మర్నాడు మళ్లీ బిరడాలు కొట్టుకుని వచ్చాడు, సిగ్గు లేనివాడు. ఎక్కమని పిలిచాడు. నా కోడలు తూముల వైపు ఒకసారి చూసి, సద్దిమూట ఒళ్లో పెట్టుకుని ఒడ్డునే కూర్చుంది.

"అత్తా, అవి తీసినాకనే ఎక్కుదాం" అంది.