గుడ్డలో వచ్చిన తోడు

నేను కాపురానికి వచ్చిన రెండో ఎండాకాలం మక్తల్ చుట్టుపక్కల ఊళ్లలో గత్తర వచ్చింది. కలరా అనే మాట అప్పటికి మాకు తెలియదు. మాది గొర్లకాపరుల ఇల్లు. మామ, నా పెనిమిటి మేపు కోసం మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు పోయారు. ఇంట్లో అత్త, నేను, ఒక బర్రె.

ఒక పొద్దున వాగు నుంచి నీళ్లు తెచ్చి దించానో లేదో కడుపులో తిప్పింది. మధ్యాహ్నానికి కాళ్లు కొంకర్లు పోయాయి, నోట మాట రావడం లేదు. మా అదృష్టం, ఆ రోజే మిషన్ దవాఖాన నుంచి డాక్టరమ్మ ఎడ్లబండిలో మా ఊరికి వచ్చింది. నా చెయ్యి పట్టుకుని చూసి అత్తతో గట్టిగా చెప్పింది: "గంజిలో ఉప్పు వేసి చెంచాతో పోస్తూనే ఉండు. కక్కుకున్నా సరే, ఆపకు."

అత్త ఆపలేదు. రాత్రంతా నా తల తన ఒడిలో పెట్టుకుని పోసిందట. నాకు తెలివి లేదు.

డాక్టరమ్మ ఇల్లిల్లూ తిరిగి ఇంకో మాట చెప్పింది. నిలవ ఉన్న నీళ్లు, అంబలి, పాలు, పెరుగు అన్నీ పారబోయాలి, కుండలు మసిలే నీళ్లతో కడగాలి, నీళ్లు కాచి తాగాలి. ఆమె చెప్పింది నిజమే. ఆ మాట విన్న ఇళ్లలో చావులు ఆగాయి. కానీ అత్త పారబోసిన పెరుగు, పెళ్లయినప్పుడు ఆమె తల్లిగారింటి నుంచి తెచ్చుకున్న తోడుతో మొదలైంది. ఏ రోజుదారోజు మరునాటికి ఇంత తీసి ఉంచుతూ అన్నేళ్లు నడిపించింది. దాన్ని ఎరువుకుప్ప మీద పోసి రెండు చేతులూ జోడించిందని పక్కింటివాళ్లు తర్వాత నాకు చెప్పారు.

నేను బతికాను. బతికానే గానీ లోపలికి ఏదీ పోవడం లేదు. అన్నం వాసనకే వికారం. గంజి చూస్తే దుఃఖం వచ్చేది.

"అత్తా, జర పుల్లటి సల్ల ఉంటె తాగబుద్ధయితాంది" అన్నాను.

ఆమె ముఖం చిన్నబోయింది. పాలు కాచి చింతపండు వేసి చూసింది, విరిగిపోయాయి. మిరపకాయ తొడిమలు వేసి చూసింది, జిగటగా మారి కంపు కొట్టాయి. ఊళ్లో ఏ ఇంట్లోనూ తోడు చుక్క లేదు. పొరుగూళ్లకు పోదామంటే, గత్తర భయానికి వాళ్లు పొలిమేరలో కంపలు వేసి మా ఊరివాళ్లను రానివ్వడం లేదు.

మా కొట్టంలో పెండ తీయడానికి ఒకామె వచ్చేది. ఊరి బయటి వాడలో ఉండేవాళ్లు. భూమి లేదు, చెరువు పనులకూ కట్ట పనులకూ ఏటా వలస పోయేవాళ్లు. క్రీస్తు మతంలో కలిసిన కుటుంబం. ఆమె వాకిట్లో నిలబడి నా సంగతి అడిగి, విని వెళ్లిపోయింది. కాసేపటికి ఒక చిన్న మూటతో తిరిగొచ్చింది.

"అక్కా, గిది పెరుగుల ముంచి ఎండవెట్టిన గుడ్డ. గత్తర రాకముందుది. మేం పనులకు పోయెటప్పుడు కుండ మోసుకపోతమా? గిట్లనే కొంగున కట్టుకపోతం. యాడ పాలు దొరికితె ఆడ ఏసుకుంటం."

మూట అత్త చేతికి ఇవ్వలేదు, అరుగు మీద పెట్టి దూరం జరిగింది. వాళ్ల చేతి తిండి, వాళ్ల చేతి నీళ్లు మా ఇంట్లోకి వచ్చే కాలం కాదది. నేను లోపల చాప మీద నుంచి చూస్తున్నాను.

"మీరు ముట్టరని ఎరుకే. పిల్ల పానం సూడలేక తెచ్చిన. వద్దంటె తీస్కపోత" అంది.

అత్త కొంతసేపు ఆ మూటనే చూసింది. తర్వాత వంగి తీసుకుంది.

"లోపల్కి రా సెల్లె. పాలు ఎంత ఎచ్చగుండాల్నో నువ్వే సూడు."

ఆమె గడప దగ్గర ఆగిపోయింది. అత్త మళ్లీ పిలిస్తే గానీ లోపలికి రాలేదు. పాలలో చిటికెనవేలు ముంచి చూసి, గుడ్డ వేసి, మూత పెట్టి, కళ్లు మూసుకుని వాళ్ల ప్రభువును తలుచుకుంది. పక్కనే అత్త పోచమ్మకు దండం పెట్టుకుంది.

తెల్లారి చూస్తే పలుచగా, సాగుతూ ఉంది. దాన్నే మళ్లీ కొత్త పాలలో వేశారు. ఆ మరునాడు పెరుగు కత్తితో కోసేంత గట్టిగా నిలిచింది. చిలికి, నీళ్లు పోసి, ఉప్పు వేసి నా నోటికి అందించారు. గొంతు దిగుతుంటే కడుపు చల్లబడింది. తర్వాత ఆకలైంది. ఆకలి అంత గొప్ప సంగతని నాకు ఆ రోజే తెలిసింది.

జబ్బు తగ్గుముఖం పట్టాక ఊరంతా పోచమ్మకు బోనాలు చేద్దామనుకున్నారు. పెరుగన్నం లేకుండా బోనం లేదు. తోడు కోసం అందరూ మా ఇంటికే వచ్చారు. అత్త దాచలేదు, అది ఎవరి ఇంటిదో చెప్పే ఇచ్చింది.

"వాళ్ల తోడుతోని అమ్మకు బోనమా?" అంది ఒక ముసలామె.

"నా కోడలి పానం నిలవెట్టింది గీ తోడే. గిది అమ్మకు పనికిరాకపోతె నా కోడలు గూడ పనికిరాదు" అంది అత్త.

కొందరు వెనక్కి పోయారు. ఎక్కువమంది గిన్నెలు చాపారు. ఆ బోనాలతో పోచమ్మ దగ్గరికి నేనూ నడిచాను, అత్త భుజం పట్టుకుని.

తర్వాత తొలికాన్పుకు మిషన్ దవాఖానకు పోయినప్పుడు అదే డాక్టరమ్మకు ఈ కథంతా చెప్పాను. ఆమె నవ్వి, మా పెరుగు చుక్క ఒకటి గాజుపలక మీద రాసి, నీలం రంగు అద్ది, సూక్ష్మదర్శినిలో నన్ను చూడమంది. సన్నని పుల్లలు, పూసల దండల్లాంటివి కనిపించాయి.

"ఇవన్నీ పురుగులా?"

"ప్రాణం ఉన్నవే. నీకు గత్తర తెచ్చినవీ ఇంత చిన్నవే. అవి వేరు, ఇవి వేరు. ఇవి నీకు అన్నం పెట్టేవి."

నాకు భయం వేయలేదు. ఆ గాజు ముందు కూడా చేతులు జోడించాలనిపించింది, జోడించాను.

ఇంటికి వచ్చి అత్తకు చెప్పాను.

"గంత సిన్నయా? మరి పెండ తీసే సెల్లె ఇంట్ల ఉన్నయి, మనింట్లకొచ్చినయి అవ్వేనా?"

"అవ్వే అత్తా. వాటి పిల్లల పిల్లలు."

"అట్లయితె వాళ్లు, మనం సుట్టాలం అయినట్టే" అంది.

ఆ ఏడు క్రిస్మస్‌కు వాడలో పందిరి వేసి అందరూ కలిసి తింటారని తెలిసి, అత్త పెద్ద కుండ నిండా పెరుగు తోడుపెట్టి తనే నెత్తిన పెట్టుకుని పోయింది. వాళ్లు విస్తరి వేస్తే కూర్చుని తిన్నది. తిరిగి వచ్చి కాళ్లు కడుక్కుంటూ, వాళ్ల పాటలు బాగున్నాయని, కూరలో మాత్రం కారం ఎక్కువైందని చెప్పింది.